బుధవారం మధ్యాహ్నం ఎన్నింటికి?

ఫోను మీద వేలు ఒక్కసారి జారితే మనిషి ఎంత దూరం పోతాడని ఎవరైనా అడిగితే నేను చెప్పగలను. తెనాలి నుంచి తడ దాకా పోతాడు. మధ్యలో ముత్తుకూరులో దిగుతాడు, బోగోలు దగ్గర ఎండకు మాడతాడు, దారి పొడుగునా కర్టెన్ రాడ్లు అమ్ముకునేవాడిగా చెలామణీ అవుతాడు.

నేనొక వాట్సాప్ గ్రూపులో ఉన్నాను. మోకాళ్ళ నొప్పుల గ్రూపనుకుని చేరాను. తీరా చూస్తే అది పల్లె బడుల్లో సైన్సు చెప్పే టీచర్లకు ఊరూరి నుంచీ సాయం చేసేవాళ్ళ గ్రూపు. తప్పు తెలిసి బయటికి వచ్చేద్దామనుకునేలోపు ఒకాయన స్వాగతం చెప్పాడు, ఇంకొకావిడ గులాబీ పువ్వు పెట్టింది. పువ్వు అందుకుని వెంటనే లేచిపోతే ఏం మర్యాద? ఎప్పుడో బి.ఎస్సీ. ఫిజిక్సు గట్టెక్కినవాణ్ణి, ఇప్పుడు ఫ్యాన్సీ షాపు నడుపుకునేవాణ్ణి, అలా సైన్సు సేవలో ఇరుక్కుపోయాను. మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

ఆ గ్రూపు ఈ మధ్య భూమిని కొలవడానికి పూనుకుంది. పద్ధతి చాలా పాతది, చాలా తేలిక. ఉత్తరం నుంచి దక్షిణానికి తాడు కట్టినట్టు ఒకే వరసలో ఉన్న రెండు ఊళ్ళు చూసుకోవాలి. ఒకే రోజు నడిమధ్యాహ్నం, అంటే నీడ బాగా పొట్టిగా ఉన్నప్పుడు, రెండు చోట్లా నిలువుగా పాతిన కర్ర నీడ కొలవాలి. రెండు నీడల తేడానూ, ఊళ్ళ మధ్య దూరాన్నీ కలిపి లెక్క కడితే భూమి చుట్టుకొలత వచ్చేస్తుంది. నెల్లూరు సముద్రపొడ్డు దాదాపు అలా నిట్టనిలువుగానే ఉంటుంది కనక, పైన బోగోలు వైపు ఒక పల్లె బడినీ, కింద తడలో ఒక బడినీ ఎంచారు. రోజు ఎంచడానికి ఓటింగు పెట్టారు. బుధవారం గెలిచింది. ఎందుకు గెలిచిందో ఓటేసినవాళ్ళకే తెలియదు.

మొదటిసారి కొలిస్తే భూమి చుట్టుకొలత ఇరవై ఆరు వేల కిలోమీటర్లు వచ్చింది. పుస్తకాల్లో నలభై వేలుంటుంది. పద్నాలుగు వేల కిలోమీటర్ల భూమి ఎటుపోయిందని గ్రూపులో మూడు రోజులు యుద్ధం జరిగింది. కర్రలు ఒకే ఎత్తులో లేవని ఒకరు, కర్రలు వంకరని ఒకరు, టీచర్లు వంకరని ఒకరు. చదివి చదివి తిక్కపుట్టి, "ఒకే కొలత రాడ్లు రెండు కొని ఎవరైనా చేతికిచ్చి వస్తే పోలా" అని టైపు చేశాను. నా ఉద్దేశం ఎవరైనా అనే. నలభై మంది బొటనవేళ్ళు చూపించి నన్ను అభినందించారు. ఒకాయన, వచ్చే బుధవారమే మళ్ళీ కొలత, శుభయాత్ర అన్నాడు.

అప్పటికీ ఎగ్గొట్టేవాణ్ణే. కానీ బోగోలు వైపు బడిలో సైన్సు చెప్పే షాహిదా టీచరు నాకు విడిగా ఒక వాయిస్ పంపింది. ఆ బడిలో శనివారం ఆఖరి పీరియడ్‌లో ఆమె ఫోనును క్లాసులో టీవీకి తగిలిస్తుంది, పిల్లలు గ్రూపులో వాళ్ళను ప్రశ్నలడుగుతారు. రాత్రిపూట అల ఎందుకు మెరుస్తుందని ఒక పిల్ల అడిగితే ఎక్కడో బెంగుళూరులో ఉన్నాయన అరగంట బొమ్మలు గీసి చెప్పాడు. ఆ పీరియడ్‌కే ఇప్పుడు గండం వచ్చింది. "ఈసారి కూడా బూమి సరిగ్గా రాకపోతే శనివారం గంట లెక్కల స్లిప్ టెస్టులకు ఇచ్చేస్తానన్నారన్నా మా హెడ్‌మాస్టర్ గారు. పిల్లకాయలకు నేనింకా చెప్పలేదు" అంది. గొంతులో ఏడుపేం లేదు. ఏడ్చి ఉంటే తప్పించుకునేవాణ్ణి.

తడ: నీడను కాపలా కాసిన మనిషి

రెండు అల్యూమినియం రాడ్లు, ఒక్కోటి సరిగ్గా మీటరు. వాటితో రైలెక్కి చూడండి, దేశంలో ఎన్ని కిటికీలకు పరదాలు లేవో తెలుస్తుంది. గూడూరు దాటేలోపు నన్ను రేటు అడిగినవాళ్ళతో చిన్న ఊరు కట్టొచ్చు. అమ్మేవి కావమ్మా, భూమిని కొలిచేవి అని ఒక పెద్దావిడకు చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, సర్వే ఆఫీసు మనిషనుకుని, సూళ్ళూరుపేటలో దిగేదాకా తమ పొలం గట్టు తగాదా మొత్తం అప్పజెప్పింది. తీర్పు కూడా నన్నే చెప్పమంది.

తడలో టీ పదిహేను రూపాయలు. గ్లాసు చూస్తే మా ఊళ్ళో కంట్లో చుక్కల మందు పోసుకునే మూత గుర్తొచ్చింది. ఇడ్లీలోకి నిన్నటి చేపల పులుసు పోశారు. ఈ పని తెనాలిలో ఎవరైనా చేస్తే కోర్టుకెళతాం. తిన్నాక కేసు వెనక్కి తీసుకున్నాను. హోటల్లో సగం మాట తమిళం, సగం తెలుగు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన కుర్రాళ్ళు ఏ వాక్యం ఏ భాషలో మొదలెట్టారో మరిచిపోయి ఇంకో భాషలో ముగిస్తున్నారు.

ఇక్కడి బడిలో సైన్సు సారు పేరు మునిరత్నం. రాడ్డు చేతికిస్తే చిన్నబుచ్చుకున్నారు. అంటే తన కర్రను ప్రపంచం అనుమానించిందన్నమాట.

"మాది తప్పుండదు సార్. నేను నీడ పక్కనే కూర్చోని చూసినా. తగ్గుతా తగ్గుతా వచ్చి, ఇంక తగ్గేదానికి లేక నిలబడిపోయినప్పుడు గీత గీసినా. గడియారం వైపు చూడనే లేదు. తప్పేదన్నా ఉంటే పైన ఉండాది" అన్నారు.

పైన అంటే బోగోలు. దేవుడనుకుని నేను ఆకాశం వైపు చూశాను. ఆయన నాకు పటం తెచ్చి చూపించారు. ఆ తర్వాత పోయినసారి తాను గీసిన గీతను చూపించడానికి ఎండలో నన్ను బడి చుట్టూ తిప్పారు. గీత వానకు కొట్టుకుపోయింది. అది ఉండిన చోటు చూపించారు. నేను ఆ చోటును ఫోటో తీసుకున్నాను, తీసుకోకపోతే వదిలేలా లేరు.

ఒక్క మాట మాత్రం నా బుర్రలో పడింది. ఈయన గడియారం చూడలేదు. నీడనే చూశారు. మరి బోగోలు వాళ్ళు ఏం చూశారు?

ముత్తుకూరు: లింకుల పెంచలయ్య

నడుమ ముత్తుకూరులో ఎందుకు ఆగానంటే, మా గ్రూపులో అందరికంటే ఎక్కువ లింకులు పంపే పెంచలయ్య అక్కడే ఉంటాడు. పోర్టు రోడ్డు మీద లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం. రెండు లారీల మధ్య సందు దొరికితే ఒక వీడియో పంపుతాడు. నా ఫోనులో సగం బరువు అతనిదే. తమ ఊరికి రాకుండా పోతే గ్రూపులో పరువు తీస్తానని బెదిరించాడు కనక దిగాను.

ఊళ్ళో అడుగు పెట్టగానే కొరమీను పులుసు వాసన వీధి మలుపు దాకా వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మామిడికాయ ముక్కలు వేసి, పొయ్యి మీద కుతకుతలాడుతోంది. పళ్ళెం ముందు కూర్చున్నాను. పెంచలయ్య నా పళ్ళెంలో టమాటా పప్పు వేశాడు.

"అది రేపటికి అన్నా. ఇయ్యాళ చేసిన పులుసు ఇయ్యాళే తినేదెట్టా? మీ ఊళ్ళో అట్టా తింటారా?" అని నన్ను జాలిగా చూశాడు.

అలా తింటామని ఒప్పుకున్నాను. ఇంటిల్లిపాదీ నన్ను చూసి, పాపం, అన్నట్టు తల ఊపారు. తెల్లారి నేను ఆరింటి బస్సెక్కాలి. ఆ పులుసు నా జీవితంలో ఒక వాసనగానే మిగిలిపోయింది.

పప్పు తిన్నాక చదువు మొదలైంది. మధ్యాహ్నం అంటే ఎప్పుడు అని నేను మాటవరసకు అడిగాను. అది నా పొరపాటు. పెంచలయ్య టీవీకి ఫోను తగిలించాడు. గడియారం మధ్యాహ్నం వేరట, సూర్యుడి మధ్యాహ్నం వేరట. సూర్యుడు ఏడాదంతా ఒకే టైముకు నెత్తి మీదికి రాడట, ఒక్కోనెల తొందరగా వస్తాడట, ఒక్కోనెల ఆలస్యంగా వస్తాడట, ఊరు మారితే అదీ మారుతుందట. అమెరికా ఆయన ఒకడు చెప్పాడు, తర్వాత ఆస్ట్రేలియా ఆయన చెప్పాడు, ఆ తర్వాత గడ్డమున్న ఆయన నారింజపండు తిప్పి చూపించాడు. అందరూ చెప్పింది విని, సరే, రేపు ఇక్కడ ఎన్నింటికి అని అడిగాను.

పెంచలయ్య ఆలోచించాడు. "దానికి ఇంకో వీడియో ఉండాది, వెతకాల" అన్నాడు.

నేను పడుకున్నాను. వాడు వెతుకుతూనే ఉన్నాడు. దీపం ఆర్పాక కూడా నా ఫోను టింగుమంటూనే ఉంది.

బోగోలు దాటాక: గోడ మీది క్యాలెండరు

బుధవారం పొద్దున్నే బయల్దేరి, కావలి వైపు పోయే బస్సులో ఒక రాడ్డుతో నిలబడి, బోగోలులో దిగి, షేరాటోలో సముద్రం వైపు పోయాను. ఆ ఆటోలో పద్నాలుగు మందిమి ఉన్నాం. పదిహేనోది నా రాడ్డు, అందరికంటే అదే హాయిగా కూర్చుంది. దారిలో ఎండేసిన చేపలు, ఎండుతున్న వలలు, ఎండిపోయిన నేను.

బడి గేటు దగ్గరే మస్తానమ్మ అనే పదో తరగతి పిల్ల ఎదురొచ్చింది. అల మెరుపు గురించి అడిగింది ఈ పిల్లేనట. నా చేతిలో రాడ్డు చూసి, "సార్, పోయినసారి బూమి చిన్నదైపోయిందంట కదా. ఈసారన్నా పెద్దది తెచ్చినారా?" అంది. వెనకున్న పిల్లలంతా నవ్వారు. నలభై వేల కిలోమీటర్లు సంచీలో పట్టలేదమ్మా అన్నాను. షాపుకు తీసుకొచ్చిన సరుకు నాణ్యత చూసినట్టు రాడ్డును వేలితో తట్టి చూసి వదిలింది.

షాహిదా టీచరు కావలిలో కొట్టున్న బట్టల వ్యాపారి కూతురు. పొట్టిగా, గట్టిగా, మాటకు ముందు నవ్వుతూ ఉంటుంది. ఆమె నన్ను హెడ్‌మాస్టరు గదికి తీసుకెళ్ళింది. ఆయన పేరు రమణయ్య, బడిలో లెక్కలు చెప్పేదీ ఆయనే. ఆయన వెనక గోడ మీద దేవుడి క్యాలెండరు, పక్కన టైంటేబుల్ నల్లబోర్డు. శనివారం ఆఖరి గడిలో అప్పుడే 'లెక్కలు' అని సుద్దముక్కతో రాసి ఉంది. కింద గీత కూడా కొట్టారు. ఆ గీత చూసి షాహిదా టీచరు నవ్వు ఒక్క క్షణం ఆగింది.

రమణయ్య గారు చెడ్డవారు కాదు, అదే నాకొచ్చిన చిక్కు. చెడ్డవారైతే పోట్లాడి బస్సెక్కేవాణ్ణి. పదో తరగతి పిల్లలు లెక్కల్లో తప్పుతున్నారనీ, తప్పితే ఆడపిల్లలను చేపల షెడ్లకు పంపేస్తారనీ, ఆ గంట తనకు కావాలనీ నెమ్మదిగా చెప్పారు. ఆ ముక్క విన్నాక నా హాస్యం కూడా కాసేపు కుర్చీ కింద దాక్కుంది.

"కర్ర పాతుకోండి. పన్నెండు లోపల మాత్రం కానిచ్చేయండి. తర్వాత రాహుకాలం" అన్నారు చివర్లో, క్యాలెండరు వైపు బొటనవేలు చూపిస్తూ.

అక్కడ పడింది నాకు వెలుగు. పోయినసారి కూడా బుధవారమే. క్యాలెండరులో బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర. రాహుకాలంలో కర్ర పాతకూడదని ఆయన, పోనీ పన్నెండింటికే మధ్యాహ్నం కదా అని పిల్లలు, నీడ ఇంకా తగ్గుతూ ఉండగానే పొడుగు నీడను కొలిచేశారు. కింద తడలో మునిరత్నం గారు అసలు పొట్టి నీడ కోసం కూర్చున్నారు. ఆ రెండు నీడల మధ్య సందులో పద్నాలుగు వేల కిలోమీటర్ల భూమి పడిపోయింది. రాడ్లకు ఏ పాపమూ తెలియదు. నేను వాటిని రెండు వందల మందికి కర్టెన్ రాడ్లు కావని చెప్పుకుంటూ మోసుకొచ్చిందంతా వృథా.

సైన్సు బడిలో రాహుకాలమేమిటండీ అని నోటిదాకా వచ్చింది. షాహిదా టీచరు నా కాలు తొక్కింది. మోకాలి దాకా పాకింది ఆ నొప్పి.

రమణయ్య గారు ఊరికే అనలేదు లెండి. కిందటేడు రాహుకాలంలో జెండా గొట్టం పాతించారట. అది సాయంత్రానికల్లా గాలికి ఒరిగి ఊరి పెద్దమనిషి స్కూటరు మీద పడిందట. అప్పటినుంచీ ఊళ్ళో ప్రతి జలుబుకూ ఆ గొట్టమే కారణం. ఈసారి కూడా పాతితే పిల్లల తల్లిదండ్రులు తనను అడుగుతారని ఆయన భయం.

"సార్, మొన్న మీ పాప నిశ్చితార్థానికి టైము ఎందులో చూసినారు? ఈ క్యాలెండర్లోనా?" అని అడిగింది షాహిదా టీచరు, చాలా మామూలుగా.

"దాంట్లో యాడ చూస్తారమ్మా. అది రాష్ట్రమంతటికీ ఒకటే, సుమారు లెక్క. ఫోన్లో ఊరి పేరు కొడితే ఊరి టైము వస్తుంది. దాంట్లోనే చూసినా."

"అయితే ఇయ్యాళ కూడా ఊరి టైమే చూడండి సార్. సుమారుది మనకెందుకు?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఫోనులో పంచాంగం తెరిచి ఊరి పేరు కొట్టారు. ఈ రోజు ఇక్కడ రాహుకాలం మొదలయ్యేది పన్నెండూ ఇరవై నాలుక్కి. ఆయన గోడ వైపు చూశారు, ఫోను వైపు చూశారు. శాస్త్రం ప్రకారం ఇదే సరైందన్నారు. నిష్ఠగల మనిషి, తన నిష్ఠ చేతికే చిక్కారు.

బయటికొచ్చాక ఆమె తన ఫోను తీసి నాకు చూపించింది. అందులో నమాజు వేళల పట్టీ ఉంది. ఈ ఊళ్ళో సూర్యుడు నడినెత్తికొచ్చే వేళ అందులోనూ ఉంది. ఆ నిమిషం దాటాకే మధ్యాహ్నం నమాజు. అక్కడ కూడా పన్నెండూ ఇరవై నాలుగే.

రాహుకాలానికి పగలును ఎనిమిది భాగాలు చేస్తారనీ, బుధవారం వాటా అయిదో భాగమనీ, అయిదో భాగం మొదలయ్యేది సరిగ్గా పగటి నడుమ అనీ వరండా నేల మీద సుద్దతో గీసి చూపించింది. అంటే బుధవారం రాహువు కరెక్టుగా నడిమధ్యాహ్నం డ్యూటీ ఎక్కుతాడు. ప్రపంచంలో ఇంత ఖచ్చితమైన ఉద్యోగి ఇంకొకడు లేడు. మా గ్రూపులో అమెరికా నుంచి ఆస్ట్రేలియా దాకా లింకులు పంపినవాళ్ళకు అందని సమాధానం ఇద్దరు మనుషుల జేబుల్లో ఉంది, ఒకరిది పూజ కోసం, ఒకరిది నమాజు కోసం.

"ఇదంతా పోయిన వారమే తెలిస్తే గ్రూపులో చెప్పొచ్చు కదమ్మా. నన్నెందుకు ఇంత దూరం లాగావు?" అన్నాను. నిజంగానే ఒళ్ళు మండింది.

"నేను చెబితే నా టైము అవుతాదన్నా. ఆయన చెబితే బడి టైము. మీరు రాడ్డు మోసుకోని వచ్చి కూర్చుంటేనే ఆయన మళ్ళీ కొలవనిస్తారు" అంది.

అంటే రాడ్డుతో కాదు, రాడ్డు మోసే గాడిదతో పని పడిందన్నమాట. కోపం రావాల్సింది. సుద్దగీతల చుట్టూ పిల్లలు మూగి, బుధవారం కాకుండా గురువారమైతే రాహువు ఎన్నో భాగంలో వస్తాడని ఆమెను పీకుతుంటే, సరేలే అనిపించింది.

అంచున

రమణయ్య గారు షరతు పెట్టారు. పాతడం ముందే అయిపోవాలి, కొలవడం అంచున జరగాలి, ఒక్క నిమిషం దాటినా రాడ్డు పీకించేస్తారు. చేతి గడియారంతో పక్కన నిలబడ్డారు, రాకెట్టు వదిలేవాళ్ళు కూడా అలా నిలబడరు.

సముద్రపు గాలికి నేల మీద కాగితాలు ఎగిరిపోతున్నాయి. రాడ్డు నిలువుగా ఉందో లేదో చూడటానికి మస్తానమ్మ ఇంటినుంచి వలకు కట్టే సీసం గుండు తెచ్చి దారంతో వేలాడదీసింది. గుండు ఊగకుండా ఆరుగురు గోడలా నిలబడ్డారు. ఇక తడకు వీడియో కాల్ కలవాలి. ఆ రోజు బడిలో వీడియోకు చాలినంత సిగ్నలు దొరికిన చోటు ఒక్కటే, నీళ్ళ ట్యాంకు మెట్ల మీద. నేను మూడో మెట్టెక్కితే మునిరత్నం గారి నుదురు కనిపించింది. నాలుగో మెట్టెక్కితే ముక్కు వచ్చింది. అయిదో మెట్టుకు ఆయన మొత్తం వచ్చారు, నా మోకాలు పోయింది.

సరిగ్గా అప్పుడే పెంచలయ్య వీడియోలు వరదలా వచ్చిపడ్డాయి. రాత్రి వెతికిన లింకు దొరికిందట. ఫోను బిగుసుకుపోయింది. మునిరత్నం గారు నోరు తెరిచినవారు తెరిచినట్టే ఆగిపోయారు. నా జీవితంలో నేను పెంచలయ్యను తిట్టినన్ని తిట్లు ఎవరినీ తిట్టలేదు, అన్నీ మనసులోనే, పిల్లలున్నారని.

"సార్, టైము" అన్నారు రమణయ్య గారు.

ఫోను కదిలింది. కింద నుంచి మునిరత్నం గారు, ఇక్కడ షాహిదా టీచరు, ఒకేసారి గీత గీయమన్నారు. మస్తానమ్మ నీడ చివర గోరుతో నొక్కి పెట్టి, దాని మీద సుద్ద గీసింది. రాడ్డు పీకేశారు. రాహువు అప్పుడే మొదలెట్టి ఉంటాడు, మాకు పనిలేదు.

రెండు నీడలకూ కోణాలు చూస్తే తేడా డిగ్రీంబావు వచ్చింది. దాన్ని ఊళ్ళ మధ్య దూరంతో కలిపి పిల్లలు వరండాలో బోర్లా పడుకుని భాగహారాలు చేశారు. ఇద్దరికి రెండు రకాలుగా వచ్చింది. మూడోసారి కలిసి చేస్తే ముప్పై తొమ్మిది వేలకు దగ్గరగా నిలబడింది. అందరూ రమణయ్య గారి మొహం చూశారు.

ఆయన లెక్క తీసుకుని మొదటినుంచీ చేశారు, లెక్కల మాస్టారు కదా. ఒక చోట దశాంశ బిందువు తప్పు పెట్టారని పిల్లలను మందలించారు. మిగతాదంతా సరిగ్గా ఉందన్నారు. లేచి గదిలోకి వెళ్ళారు. నేనూ షాహిదా టీచరూ కిటికీలోంచి చూశాం. ఆయన శనివారం గడిలో 'లెక్కలు' అన్నదాన్ని అరచేత్తో తుడిచేశారు. సుద్దముక్క తీసుకుని, 'లెక్కలు, నీడ' అని రాశారు.

షాహిదా టీచరు పిల్లలకు ఏమీ చెప్పలేదు. ఆ గంట పోబోయిందని వాళ్ళకసలు తెలియదు. వెళ్ళి అన్నం తినమంది. తర్వాత దుపట్టాతో మొహం తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందన్నా అంది.

ఇంటికొచ్చాక

నేను తెనాలి చేరేలోపే గ్రూపులో కొత్త సభ్యుడు చేరాడు. రమణయ్య గారే. మా పిల్లలు భూమిని కొలిచారని ఒక మెసేజీ పెట్టారు. ఆయనకెవరో గులాబీ పువ్వు పెట్టారు. అంతే, ఇక ఆయన కూడా పోలేరు.

ఇప్పుడు ప్రతి బుధవారం తెల్లారకముందే ఆయన తడకు, ముత్తుకూరుకు, బోగోలుకు, అడగకపోయినా తెనాలికి కూడా, రాహుకాలం ఎప్పుడు మొదలవుతుందో పంపుతారు. దాని కింద షాహిదా టీచరు నమాజు పట్టీ చూసి టిక్కు పెడుతుంది. దాని కింద పెంచలయ్య ఒక లింకు పెడతాడు. గ్రూపులో ఇంక ఎవరూ మధ్యాహ్నం ఎన్నింటికని అడగడం లేదు.

బోగోలుకు పోయిన రాడ్డు అక్కడే ఉండిపోయింది. వారాంతాల్లో దాన్ని హెడ్‌మాస్టరు గది కిటికీకి తగిలిస్తున్నారట, పరదా కోసం.